సెలవు రోజు గోళీ

మొన్న గోదావరిఖని చౌరస్తా దగ్గర గడ్డం గీయించుకుంటుంటే కత్తి కాస్త తగిలింది. పటిక రాసినా, దూది అద్దినా నెత్తురు ఆగకపోయేసరికి మంగలి కంగారుపడ్డాడు గానీ, గుండెలో స్టెంటు వేయించుకుని రోజూ రక్తం పలచబడే గోళీలు మింగే నాకు అది అలవాటే. నేను భయపడ్డది అందుకు కాదు. అద్దంలో ఆ ఎర్రటి చార చూడగానే, మా అక్క భర్త, ఎప్పుడో పోయిన మా బావ, నా వెనకే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ఇద్దరం ఒకే బొగ్గుబాయిలో, ఒకే షిఫ్టులో పనిచేశాం. బావది పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. అందులో చేతులు గీసుకుపోని రోజంటూ ఉండదు. మా తరం వాళ్లకు చెప్పాలా, దెబ్బ తగిలితే ఇంత బొగ్గుపొడి అద్ది మళ్లీ పనిలో పడేవాళ్లం. అలాంటి మనిషికి గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. పైన తేలిక పని ఇస్తామంటే, చీపురు పట్టడానికా నేను పుట్టింది అని అలిగి, బాయి పనికి తగునన్న కాగితం కోసం దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ కిందికే దిగాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

కొన్నాళ్లకు, షిఫ్టు దిగి పైకి వచ్చి, దీపాలు అప్పగించే గది ముందు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే, స్టెంటులోనే నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోయిందన్నారు. మళ్లీ తీగ పంపి, గడ్డను లాగి, బెలూనుతో దారి తెరిచారు. గోళీలు రోజూ వేసుకున్నావా అని డాక్టరు గద్దిస్తే, బావ దాపరికం లేకుండా చెప్పేశాడు.

"బాయిల దెబ్బ తాకితే నెత్తురు ఆగుతలేదు సారూ. పైకొచ్చేదాక ఏమైతదో అని డ్యూటీ రోజుల బందుజేసిన. సెలవు రోజు మాత్రం మరువకుంట ఏసుకున్న."

రోజూ అన్నం డబ్బాతో పాటు ఆ గోళీ చేతిలో పెట్టి పంపిన అక్క పక్కనే ఉంది. ఆమె ముఖం నన్ను ఇప్పటికీ వదలదు. దారి తెరిచారు గానీ గుండె అప్పటికే చాలా దెబ్బతిన్నది; వారం తిరగకముందే బావ పోయాడు.

మేం దిగిన బాయి మూతపడింది. ఇప్పుడు మావాళ్లు టీ కొట్టు దగ్గర వానల సంగతి మాట్లాడుకున్నట్టే స్టెంట్ల సంగతి మాట్లాడుకుంటారు. అంత ఎరుక అప్పుడుంటే ఎంత బాగుండేది! సెంటినరీ కాలనీ నుంచి అక్క రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. "తమ్మీ, గోళి ఏసుకున్నవా?" వేసుకున్నానంటే నమ్మదు. నేను నీళ్లు గుటకేసిన చప్పుడు వినేదాకా ఫోను పెట్టదు.