సైకిలు కరిగించని కిలోలు

ఇంట్లో తొక్కే వ్యాయామం సైకిలు కొని నెలయింది. ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో దాని తెర మీద రోజూ చూసుకుని మురిసిపోతున్నాను. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ పలాసలో మా బావ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లి, బస్తాలు తూచే కాటా ఎక్కాను. నెల కిందట ఎక్కిందీ అదే కాటా. నాలుగు కిలోలు తగ్గాను! బావ మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయనది ఉద్దానం పల్లె. కాటా చూసి ఆయన ముఖం పాలిపోయింది.

“ఏటి బావా, తిండి మానేసినావేటి?”

“నేదు బావా, సైకిలు తొక్కతన్నాను కదా!”

“మా ఊర్లో కిడ్నీలు పోయినోళ్లు ఏ సైకిలూ తొక్కకుండానే తగ్గిపోనారు. రేపు రత్తం పరీచ్చ సేయించు.”

నవ్వేసి వచ్చాను గానీ, ఇంటికొచ్చాక లెక్క వేశాను. ఆ తెర చూపించిన క్యాలరీలన్నీ కలిపినా ఒక్క కిలో కూడా కరగకూడదు. మళ్లీ వేసినా అంతే. మా ఆవిడ అన్నానికి పిలిస్తే ఆకలిగా లేదన్నాను. ఈ మధ్య రోజూ అదే మాట అంటున్నానని అప్పుడు తట్టింది.

పొద్దున్నే పరీక్షకు వెళ్తున్నాను. ఈ సైకిళ్లు క్యాలరీలు బాగా తక్కువ చూపిస్తాయని మీలో ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే చెప్పండి. అబద్ధమైనా సరే.