పాలు పొంగాలంటే

పారిస్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముణ్ని చూసేదానికి చిత్తూరు నుంచి పోయినాను. ఇల్లు కొనాలని వాడు నన్ను కూడా పేటపేటకూ తిప్పినాడు. నది పక్క పేటలో ధర అందలేదు. ఊరి అంచు పేట వాడికి నచ్చలేదు. చివరికి మంచి పేటలోనే సగం ధరకు ఒకటి దొరికింది.

తలుపు తీసింది ఎనభై దాటిన ముసలామె. ఇల్లు ఆమెదే. మాకు బిస్కెట్లు పెట్టింది. తమ్ముడు సెల్లులో దిక్కులు చూసుకుని, ఈశాన్యం బాగుండాదన్నాడు.

"ఈమె ఎప్పుడు ఖాళీ చేస్తాదిరా?" అనడిగినాను.

"చెయ్యదక్కా. ఈడ ఇట్లా కూడా అమ్ముతారు. ఇప్పుడు సగం ధర ఇచ్చి, బతికినన్నాళ్లూ ఆమెకు నెలనెలా కొంత కట్టాల. ఆమె పోయినాకే ఇల్లు మన చేతికొచ్చేది."

మా తెలుగు అర్థంకాక ఆమె నవ్వతా నిలబడింది. మా చిత్తూరు పక్క ఎవరు కొత్తింట్లో చేరినా ముందు పాలు పొంగిస్తాం. ఈ ఇంట్లో పాలు పొంగాలంటే ముందు ఈమె పోవాల. సగం కొరికిన బిస్కెట్టు చేతిలోనే పెట్టుకున్నాను.

అంతలో ఆమె గట్టిగా తుమ్మింది. చిన్నప్పుడు మేం తుమ్మితే మా అవ్వ అనే మాటే నా నోట వచ్చేసింది. "నూరేండ్లు బతుకు!"

తమ్ముడు నా చెయ్యి గిల్లినాడు. "ఊరుకోక్కా!"

నేనేమన్నానని ఆమె వాణ్ని అడిగింది. ఇల్లు బాగుండాదన్నానని చెప్పినాడు. ఆమె సంతోషపడి నాకు ఇంకో బిస్కెట్టు పెట్టింది.

మెట్లు దిగతా వాడు అడిగినాడు. "అక్కా, మన అవ్వ ఎన్నేండ్లకు పోయింది?"

అవ్వ గుర్తొచ్చిందేమో పాపం అనుకుని, "తొంభై ఆరురా" అన్నాను.

వాడి మొగం మాడిపోయింది.