రెండు వేళ్లు పెరిగిన బురద

1950ల చివర్లో దబీర్‌పురాలోని మా ఇంటికి తిరిగొచ్చినప్పుడు సెలవు మీద వచ్చానని అందరికీ చెప్పాను. సెలవూ లేదు, పాడూ లేదు, పనిలోంచి పంపించేశారు. నా వల్ల ఒక మనిషి కాలు పోయింది. ఆ సంగతి బాపుకు, మా నాన్నకు, ఎలా చెప్పాలన్నదే నా బెంగ.

బాపు కోర్టులో గుమాస్తా. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవడం మా ఇంట్లో లేదు. వాళ్లు ఆపాక "మాఫ్ కర్నా" అని మన్నింపు అడిగి మొదలుపెట్టాలి. వాడకట్టులో అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. నేనూ మురిసిపోయేవాణ్ని, వెర్రిముఖాన్ని.

మూడోరోజు పొద్దున చాయ్ తాగుతూ బాపు అడిగారు. "గల్ఫ్ సముద్రంల నీ పని ఏందిరా అసలు?"

చెప్పాను. నీళ్ల మధ్య ఇనుప మంచె కట్టి చమురు కోసం బావి తవ్వుతారు. అడుగునున్న గ్యాసు పైకి తన్నకుండా బావి నిండా చిక్కటి బురద పోసి, ఆ బరువుతో అణచిపెడతారు. తవ్వినంతసేపూ బురద తొట్టిలోంచి బావిలోకి పోయి, మళ్లీ తొట్టిలోకే వస్తుంటుంది. తొట్టి దగ్గర కాపలా నాది. బురద తొట్టి గోడ మీది సుద్దగీత దాటి పెరిగిందంటే కింద గ్యాసు చొరబడినట్టే. వెంటనే కేక వేయాలి. మేస్త్రీ మీట నొక్కి బావి మూతి మూసేస్తాడు.

"మరి పెరిగిందా?"

"రెండు వేళ్లు పెరిగింది. మేస్త్రీ తానకు ఉరికిన. ఆయన ఎవరితోనో మాట్లాడుతుండె. పెద్దమనిషి గదా అని, అయిపోయేదాక పక్కన నిలవడ్డ."

ఆ కాసేపట్లోనే బురద పైకి ఎగజిమ్మింది. మేస్త్రీ పరిగెత్తి మీట నొక్కాడు కాబట్టి నిప్పు అంటుకోలేదు, మేమంతా బతికాం. కానీ ఆ ఊపుకు జారిన ఓ గొట్టం మేస్త్రీ కాలి మీద పడింది. కాలు తీసేశారు. అదీ చెప్పేశాను.

బాపుకు కోపం ఆగలేదు. "బేవకూఫ్! పానం మీదికొస్తె గుడ మర్యాదేందిరా? నేను నీకు గట్లనే నేర్పిన్నా, పెద్దోళ్లు—"

"పానం మీదికొస్తె ఏం జెయ్యాల్నో మీరు చెప్పలే, బాపూ."

ఆయన మాటకు అడ్డం పడటం నాకు అదే మొదలు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"ఆ మేస్త్రీకి పిల్లలున్నరా?" అన్నారు.

"ముగ్గురు."