ఫోనుకు వేసిన నీటి వంతు

అచ్చిబాబు మంచివాడని ఊళ్లో ఎవరూ అనరు. నేనూ అనను. కాలవ చివర సేద్యం చేసేవాడికి మంచితనం ఎక్కువకాలం నిలవదు. ఎగువన ఉన్న ప్రతివాడూ తన నీళ్లు తాగేస్తున్నాడని చిన్నప్పటి నుంచీ నమ్మినవాడు, ఆ నమ్మకంలో సగానికి పైగా నిజమే అయినవాడు, మొహం చిట్లించుకోక ఏం చేస్తాడు? రావులపాలానికి దిగువన, పొలాలకు నీళ్లు మోసే పంట బోదె ఆఖరి మలుపులో అతని పొలం. అతనిది అనడం అలవాటు, నిజానికి సుబ్బాయమ్మగారిది. అతను కౌలుకు చేస్తాడు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన దొర పటానికి ఈ జిల్లాల్లో దండలు వేస్తారు. ఎన్నో ఊళ్లు తిరిగాను గాని, శివారు రైతు ఆ పటానికి దణ్ణం పెట్టడం నా కంటపడలేదు. నీళ్లు పుట్టినచోట కృతజ్ఞత ఉంటుంది. అవి ఇంకిపోయేచోట తగువులుంటాయి. రెండో పంటైన దాళ్వాలో గోదావరి తగ్గుతుంది, కాలవలకు వంతులు పెడతారు: కొన్నాళ్లు ఈ కాలవకు, కొన్నాళ్లు పక్కదానికి. తన వంతు వచ్చినప్పుడు రైతు గట్టుమీద కాపలా కూర్చోవాలి. లేకపోతే ఎగువవాడు బోదెకు అడ్డంగా గడ్డిమోపు తొక్కి, నీళ్లు తన చేలోకి తిప్పేసుకుంటాడు. కూర్చున్నా తిప్పుకుంటాడు, కాపలావాడి కళ్లు ఫోనులో ఉంటే.

నేను ఆ ఊళ్లో అచ్చిబాబు ఎదురింటి అరుగు గది అద్దెకు తీసుకున్న ఏడు, దాళ్వా మొదటి వంతులోనే అతనికి ఆ పని జరిగింది. పాములు పట్టేవాళ్లు, లారీలు బోల్తాపడటం, ఎవరో ఎవరినో కొట్టడం, వీటిలో ఏదో చూస్తూ కూర్చున్నాడు. భార్య మాణిక్యాంబ అన్నం పట్టుకుని వచ్చేసరికి బోదెలో బురద మాత్రమే ఉంది.

"ఏవండీ, నీళ్లేవండి?"

"వస్తున్నాయి కదే," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎక్కడ, ఫోనులోనా?"

ఎగువ రైతు చంద్రరావు చేను అప్పటికే నిండి, గట్టు పొర్లుతోంది. ఈ సంగతి సాయంత్రానికే సుబ్బాయమ్మగారి చెవిన పడింది. ఆవిడ అరవదు. అదే భయం. "చూడబ్బాయ్, ఈ దాళ్వా పండకపోతే పొలం చేపల చెరువు వాళ్లకి ఇచ్చేస్తాను. వాళ్లు నా చుట్టూ తిరుగుతున్నారు, నీ చుట్టూ నేను తిరగలేను," అంది. చెరువు తవ్వేస్తే ఆ భూమిలో మళ్లీ నాగలి దిగదు. మరొకరి పొలం దొరకదు, అచ్చిబాబుకు అసలే దొరకదు, నోరు అలాంటిది. పొలం పోతే అతను ఏమిటో అతనికే తెలియదు.

మర్నాడు మాణిక్యాంబ తేల్చి చెప్పింది. ఫోను మానడానికి కూడా ఫోనులోనే ఏవో ఉంటాయట, వేయించుకు రమ్మంది. అతను నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. చదువుకున్నవాడు పక్కనుంటే కొట్టువాడు మోసం చేయడని అతని లెక్క. ఆ లెక్క ఎక్కడిదో నాకు తెలియదు.

అరటి మార్కెట్టు పక్క సందులో గణేష్‌బాబు సెల్‌ఫోన్ల కొట్టు. ముందు ఒక యాప్ చూపించాడు. ఫోను ముట్టుకోకుండా ఉన్నంతసేపు అందులో ఒక మొక్క పెరుగుతుంది. ముట్టుకుంటే చచ్చిపోతుంది.

"చస్తే?" అన్నాడు అచ్చిబాబు.

"బాధేస్తుంది కదండి. అందుకని ముట్టుకోరు."

"నా చేను నిజంగా ఎండిపోతుంటే రాని బాధ, నీ బొమ్మ మొక్కకి వస్తుందా? ఇంకోటి తియ్."

రెండోది ఎంతసేపు చూశామో లెక్క చెప్పి, 'కాస్త విశ్రాంతి తీసుకుందామా' అని మెత్తగా అడుగుతుంది.

"తిట్టదా?"

"తిట్టదండి."

"మరి దీన్ని ఎవడు లెక్కచేస్తాడు? మా ఇంటావిడ తిడుతుంటేనే దిక్కులేదు."

వ్యసనం మానడానికి మనుషులు చేసే ఏర్పాట్లు నేను చాలా చూశాను. పెద్దాపురంలో ఒకాయన చుట్టలు మానాలని కట్టంతా తీసుకెళ్లి చెల్లెలింట్లో దాచాడు. ఆ రోజు నుంచి పూటపూటా చెల్లెల్ని చూసి వచ్చేవాడు. ఆ ప్రేమకు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆయన్నైనా క్షమించవచ్చు. ఫోను అమ్మేవాడు, అందులో కళ్లు అతుక్కుపోయే బొమ్మలు పోసేవాడు, కళ్లు ఊడబెరకడానికి మందు అమ్మేవాడు, ముగ్గురూ ఒకే సందులో కొట్లు పెట్టుకుని ఒకరికొకరు బేరాలు పంపుకుంటున్నారు. దీనికి సేవ అని పేరు. దొంగే తాళాలు కూడా అమ్మితే మనం పోలీసుల్ని పిలుస్తాం; వీళ్లకు అయిదేసి చుక్కలు పెట్టి మెచ్చుకుంటున్నాం.

మూడో యాప్ చూసి అచ్చిబాబు మొహం విప్పారింది. ఒకసారి తాళం పెడితే గడువు తీరేదాకా తీయడం ఎవరివల్లా కాదు. మాట్లాడుకోవడానికి కాల్స్ పనిచేస్తాయి. మిగతావన్నీ మూత.

"ఏడిచినా తీయదా?"

"తీయదండి."

"ఆయ్, ఇదీ యాప్ అంటే. పెట్టేయ్."

"రోజుకి ఎంతసేపు వదలమంటారండి? అరగంట, గంట..."

అచ్చిబాబు అతన్ని జాలిగా చూశాడు. "రోజుకి కాస్త కాస్త వదిలితే ఎవరికి చేరుతుందయ్యా? నీళ్లయినా అంతే. అందరికీ కొంచెం కొంచెం వదిలితే చివరికి తడి కూడా రాదు. వంతు పెట్టాలి. మా కాలవ వంతు ఉన్నన్నాళ్లూ ఫోను మూత. వంతు లేనన్నాళ్లూ బార్లా."

"అలా ఎవరూ పెట్టుకోరండి."

"నీకు పొలం ఉందా?"

గణేష్‌బాబుకు పొలం లేదు. అచ్చిబాబు చెప్పిన తేదీలు పంట చివరిదాకా వరసగా ఎక్కించేశాడు. నాకు ఆ ఏర్పాటు సబబుగానే తోచిందని ఇక్కడ రాయక తప్పదు. కాలవ కింద పుట్టినవాడికి ప్రపంచంలో దేన్ని పంచాలన్నా తెలిసిన పద్ధతి అదొక్కటే.

తరవాతి వంతుకు యాప్ పనిచేసింది. అంటే అచ్చిబాబు భరించరాని మనిషయ్యాడు. చేతిలో ఫోను లేదు, చూడ్డానికి గట్టు ఉంది. చంద్రరావు తొక్కిన గడ్డిమోపు చూశాడు, పీకి అవతల పారేశాడు. చంద్రరావు తాతముత్తాతలను గట్టుమీదికి పిలిచి ఒక్కొక్కరినీ పలకరించాడు. నీళ్లు చివరి మడిదాకా వచ్చాయి. చేను పచ్చదనం ముదిరి నల్లగా తిరిగింది.

వంతు అయిపోగానే తాళం ఊడింది. అప్పుడు చూడాలి. అన్నం తింటూ ఫోను, పళ్లు తోముకుంటూ ఫోను. ఇన్నాళ్లు ఉపవాసం చేశానన్న హక్కుతో చూశాడు. మాణిక్యాంబ ఏదైనా అంటే, "ఇది నా వంతే. నోరు మూసుకో," అనేవాడు.

ఆ రోజుల్లోనే నీటి సంఘం వాట్సాప్ గ్రూపులో చంద్రరావు ఒక మాట పెట్టాడు: 'ఫోనుకి గొలుసు కట్టించుకున్న మగాళ్లు కూడా మన బోదె మీద ఉన్నారు.' దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. నవ్వినవాళ్లలో అచ్చిబాబు సొంత తోడల్లుడు కూడా ఉన్నాడు. అచ్చిబాబు ఒక బూతు రాసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. వంతుల కబురు వచ్చేది ఆ గ్రూపులోనే అని ఆ క్షణాన తోచలేదు. తోచినా వెళ్లిపోయేవాడే.

చేను పొట్ట మీదికి వచ్చింది. వరికి అది కడుపుతో ఉన్న కాలం. ఒక్క తడి తప్పితే గింజ పట్టదు, తాలు మిగులుతుంది. పక్క కాలవ లాకు దగ్గర గండి పడటంతో ఆ నీళ్లు మా కాలవకు వంతు తేదీకన్నా ముందే వదిలేశారు. కాలవ నీళ్లు చూసే లస్కరు అప్పాజీ ఆ కబురు గ్రూపులో పెట్టాడు.

మాణిక్యాంబ కూలికి నాట్లు వేసిన రోజుల నుంచీ కళ్లతోనే సేద్యం చేసే మనిషి. గడ్డి కోసుకు వస్తూ చంద్రరావు చేను గట్టు చెమర్చి ఉండటం చూసింది. ఇంటికొచ్చి గడ్డిమోపు దింపకుండానే అంది:

"కాలవొచ్చిందండి."

"రాలేదు."

"చూసొచ్చానండి."

"కాలవొస్తే దీనికి తాళం పడేది కదే. ఇదుగో, పడలేదు. ఇంకా రోజులున్నాయి." మంచం మీద పడుకునే ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు. అందులో ఎవడో కొండచిలువను మెడలో వేసుకుంటున్నాడు.

ఆమె మోపు దింపింది. పార తీసుకుని వెళ్లిపోయింది. అతను ఆ కొండచిలువ సంగతి తేలేదాకా చూసి అప్పుడు లేచాడు. ఈ ముక్క అతనే నాకు చెప్పాడు, సిగ్గు లేకుండా.

నేను అరుగు మీంచి లేచి ఆమె వెనకే వెళ్లాను. గట్టుమీద చంద్రరావు తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా మాణిక్యం, మీ ఆయన చార్జింగు అయిపోయిందా?"

ఆమె బోదెలో దిగి, అడ్డంగా తొక్కిన గడ్డిమోపులో పార దించింది.

"అది తీస్తే బాగోదు చెల్లెమ్మా."

"బాగోకపోతే చూడకండి అన్నయ్యగారూ. చేతిలో పార ఉన్నప్పుడు నాకు వరసలు గుర్తుండవు."

చంద్రరావు లేచి రెండడుగులు వేశాడు, ఆ పార పట్టుకున్న తీరు చూసి ఆగాడు. నీళ్లు కదిలాయి. అప్పుడు వచ్చాడు అచ్చిబాబు, పరుగున, ఒక చెప్పుతో. అటుగా సైకిలు మీద పోతున్న అప్పాజీ కాలరు పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"గ్రూపులో పెట్టానండి. తమరు లెఫ్ట్ అయిపోయారు కదండి, నేనేం చేస్తానండి."

మిగిలిన వంతు కొద్దిపాటిదే. పైమళ్లు తడిశాయి. కిందమళ్లకు నీళ్లు చేరకముందే కాలవ కట్టేశారు. ఆ తరవాత, గణేష్‌బాబు ఎక్కించిన తేదీకి, తాళం ఠంచనుగా పడింది. ఎండిన బోదె గట్టున, మూసుకుపోయిన ఫోను పట్టుకుని అచ్చిబాబు కూర్చున్నాడు. ఆ యాప్ తప్పేమీ చేయలేదు, చెప్పినట్టు చేసింది. దాని మీద నా అసహ్యం అందుకే మరింత.

కోతలకు ముందు సుబ్బాయమ్మగారు వచ్చింది. కిందమడిలో ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపింది. పొట్టు ఎగిరిపోయింది, చేతిలో ఏమీ మిగల్లేదు. పైమడిలో నలిపితే గింజ తగిలింది.

"కింద సగం చెరువుకి ఇచ్చేస్తున్నాను," అంది. "పై సగం మాణిక్యానికి. విన్నావా అబ్బాయ్, మాణిక్యానికి. నీకు కాదు."

ఆవిడ వెళ్లాక అచ్చిబాబు భార్య వంక చూడకుండా అన్నాడు:

"రేపే వెళ్లి ఆ యాప్ తీయించేస్తానే."

మాణిక్యాంబ కిందమడి నెర్రెల్లో కాలు పెట్టి లోతు చూసుకుంటోంది.

"ఉంచుకోండి, తీయించుకోండి, మీ ఇష్టం," అంది. "వచ్చే సార్వా పంటకి గట్టు కాపలా నాది. మీరు మాత్రం అటు రాకండి."