చందమామకు గచ్చు పూత

1948. నిజాం మీద పోలీసు చర్య ముగిసి వారం కాలేదు. సికింద్రాబాద్‌లో సగం దుకాణాలు ఇంకా మూసే ఉన్నాయి. నేను తాపీ మేస్త్రీని, గోడలకు సున్నపు గచ్చు పూసేవాణ్ణి. రాంగోపాల్‌పేట్ నుంచి ఖాదర్ సాబ్ కబురు పంపాడు. బడిలో లెక్కలు చెప్పి మానుకున్న పెద్దాయన. వెళ్తే గోడ చూపించలేదు. పెరట్లో నేలమీద పరిచిన, బండి చక్రమంత గుండ్రటి చెక్క చూపించాడు.

"మేస్త్రీ, దీనిమీద చందమామను చెయ్యాలె."

"ఏందీ సాబ్, లోకమంతా పరేషాన్‌ల ఉంటే గిప్పుడా?"

"ఎల్లుండి మేం ఇల్లు ఇడిసి పోతున్నం. మా జుబేదా ఒక్కసారన్న చేత్తో చూడాలె."

జుబేదా ఆయన కూతురు. పసితనంలో అమ్మవారు పోసి చూపు పోయింది. ఇరవై ఏళ్ళుంటాయి. గుమ్మంలోంచి అంది: "గుండ్రగుంటది, గుండ్రగుంటది అంటరు మేస్త్రీ. రొట్టె సుత గుండ్రగనే ఉంటది కద!"

చందమామ నిండా గుంటలుంటాయని సాబ్ చెబితే, గచ్చు పరిచి చెక్కబోయాను. సాబ్ ఆపాడు. "చెక్కకు. రాళ్ళు పడెయ్. అక్కడ సుత గట్లనే అయింది." నిప్పుకొండలు పేలి ఆ గుంటలు పడ్డాయని అప్పట్లో చాలామంది అనేవారట. ఆయన ఒప్పుకునేవాడు కాదు. గులకరాయి వేస్తే చుట్టూ అంచు లేచింది. ఇనుప గుండు వేస్తే పైపొర చిట్లి, ముద్దలు దూరంగా ఎగిరిపడ్డాయి. మొదటి చప్పుడుకే ఏ దాడో అనుకుని పక్కింటివాళ్ళు కిటికీ మూశారు. మూడో దెబ్బకు వీధిలో మాట వినబడలేదు.

సాబ్ నమాజుకు లోపలికి వెళ్ళాడు. నా చెయ్యి ఊరుకోలేదు. గుంటలున్న గచ్చును వదిలి లేచిన మేస్త్రీ ఉంటాడా? ఇనుప గుండు చేసిన పెద్ద గుంటలు అయిదూ పూడ్చి, అద్దంలా నున్నగా చేశాను.

"గిదేం పని!" అన్నాడు సాబ్ తిరిగొచ్చి.

"ఫినిషింగ్ సాబ్."

జుబేదా అరచేత్తో తడిమింది. "రొట్టెనే," అని లోపలికి వెళ్ళిపోయింది.

సున్నం అయిపోయింది. కొనడానికి దుకాణం లేదు. ఉన్నది ఒక్క రోజు.

సిగ్గుతోనే పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. లోతైన పూత పొరలుగా వేసి, నీళ్ళు పట్టి మెల్లగా ఆరనివ్వాలి. క్యూరింగ్ అంటాం. నిన్న అదీ చెయ్యలేదు. చెక్క దగ్గర ఎవరూ లేరు. నేను చెరిపేసిన అయిదు గుంటలూ వెంట్రుకంత పగుళ్ళతో, అయిదు వలయాలై పైకి తేలి ఉన్నాయి. చూస్తుండగానే టిక్ మని ఇంకోచోట చిట్లింది. 

సాబ్‌ను పిలిచాను. వంగి ఒక్కో వలయాన్నీ వేలితో చూపించాడు. "గిదే మేస్త్రీ. మనం కుందేలనే నల్ల మచ్చలు గివే. గుట్టలసొంటి రాళ్ళు గుద్ది చందమామ పెంకు పగిలింది. అంచులు కొండలై లేసినయ్. శాన ఏండ్లకు లోపల కరిగిన రాయి పగుళ్ళల్లకెళ్ళి ఊరి గుంటలు నింపింది. నిండినా, కొన్ని అంచులు గిట్ల కనబడుతనే ఉంటయ్."

జుబేదా వచ్చి కూర్చుంది. ఒక వలయం వెంట గోరు నడిపింది. మధ్యలో వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించింది.

"అబ్బా, లోపల డొల్లగుంది. దీన్ని ఎవరో బాగ కొట్టిన్రు. కొట్టి, పైన నున్నగ పూసిన్రు."

 ఆ పిల్ల పొద్దుగూకేదాకా చెక్కను వదల్లేదు. మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఏభై దాటాక అక్షరాలు నేర్చుకుని, చందమామ నుంచి తెచ్చిన రాళ్ళ గురించి పేపర్లో కూడబలుక్కుని చదివాను. సాబ్ చెప్పిందే నిజం.

వాళ్ళు వెళ్ళాక దుకాణాలు తెరిచారు; ఆ నెలంతా నాకు గొడవల్లో గోడలకు పడ్డ బొక్కలు పూడ్చే పనే. "ఏం కానట్టే ఉండాలె మేస్త్రీ," అనేవారు ఇంటివాళ్ళు. పూస్తాను, ఏం కానట్టు మాత్రం ఉండదు అని మొహంమీదే చెప్పేవాణ్ణి. తాపీ తీసే ముందు గోడను కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాణ్ణి.