గ్లెనిస్ ఎడంచేతి కార్సెట్

గ్లెనిస్ షాకిల్టన్ పదహారో ఏట ఆడవాళ్ళు గౌను కింద నడుం బిగించుకునే కార్సెట్ల ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు కూర్చుంది. ముప్పై తొమ్మిదో ఏట లేచింది. ఫ్యాక్టరీ మూసేశాం, లెమ్మన్నారు కాబట్టి లేచింది. ఆ ఇరవై మూడేళ్ళూ ఆమె కుట్టింది ఒక్కటే: కార్సెట్లో బద్ద దూరే సన్నటి గాడి. రెండు వరుసల కుట్టు, నడుమ బద్ద పట్టేంత ఖాళీ. తర్వాత బడి వంటింట్లో పిల్లల పళ్ళాల్లో ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించింది. ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లోని ఆ లోయలో ఆడవాళ్ళ జీవితాలన్నీ ఇంచుమించు ఇలాగే నడిచాయి. రాయడానికేముందని ఎవరూ రాయలేదు.

నలభై ఆరో ఏట, ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కుట్టిన పౌలీన్ ఆమెను ఒక పాత జమీందారు భవనం తోటకు లాక్కుపోయింది. అక్కడ ప్రతి ఆగస్టులోనూ కొందరు గుడారాలు వేసుకుని 1745 నాటి మనుషుల్లా మూడు రోజులు బతుకుతారు. మగవాళ్ళు సైనికులు. ఆడవాళ్ళు సైన్యం వెంట నడిచిన చాకలివాళ్ళు, వంటవాళ్ళు. తాడు కట్టి ఉంటుంది. తాడుకు ఇవతల టిక్కెట్టు కొన్న జనం, అవతల పద్దెనిమిదో శతాబ్దం.

గ్లెనిస్ అరగంట సేపు ఆ ఆడవాళ్ళ గౌన్లు చూసింది. వీపు దగ్గర ముడతలు, ఛాతీ దగ్గర సంచుల్లా వేలాడే బట్ట.

"గౌనుకేం రోగం లేదే. లోపల కార్సెట్టే లేదు" అంది పౌలీన్‌తో, తాడు అవతలి వాళ్ళకు వినబడేలా.

"అంత తెలిస్తే కుట్టిపెట్టు మరి" అంది అవతలినుంచి ఒకామె. ఆమె రోసలిండ్, ఆ గుంపుకు పెద్ద. బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి మానేసినా గొంతు మాత్రం బడిలోదే.

గ్లెనిస్ కుట్టిపెట్టింది. ఊరి లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని, బొమ్మలు చూసి నేర్చుకుంది. మోకాళ్ళ కిందికి దిగే లినెన్ లోచొక్కాను చతురస్రాలుగా, దీర్ఘచతురస్రాలుగా కత్తిరిస్తే పీలిక కూడా వృథా పోదని తెలుసుకుంది. చంకలో చిన్న చదరపు ముక్క వేయకపోతే చెయ్యెత్తగానే చిరుగుతుందని, దారానికి తేనెమైనం రాయకపోతే గట్టి బట్టలోంచి లాగేటప్పుడు పోగులు లేస్తాయని తెలుసుకుంది. అంతా చేత్తోనే. ఆ కాలంలో మిషను లేదు కదా. పదిహేనేళ్ళలో ఇరవై ఆరు కార్సెట్లు కుట్టింది. ప్రతిదీ మొదట తనకు కుట్టుకుని, వారంపాటు రోజుకు రెండు గంటలు వేసుకుని, బద్దలు ఒంటికి ఒదిగాక గానీ ఆ కత్తిరింపు మరొకరికి పనికొస్తుందని ఒప్పుకునేది కాదు.

గుంపులో ఒక నిబంధన ఉంది. రాసింది గ్లెనిసే. మొదటి రోజు ఉదయం, ఎవరి లోదుస్తులు వాళ్ళు తిరగేసి చూపించాలి. మిషను కుట్టు ఒక్కటి కనబడినా దానితో తాడు దాటకూడదు. కార్సెట్లో దూర్చే బద్దలు మాత్రం ప్లాస్టిక్‌వి, కరెంటు వైర్లు కట్టడానికి దుకాణంలో అమ్మేవి. అప్పట్లో తిమింగలం దవడలోంచి తీసేవారు. ప్లాస్టిక్ చెల్లినప్పుడు మిషను ఎందుకు చెల్లదని కొత్తగా చేరిన ఒక నర్సు అడిగింది.

"తిమింగలాన్ని నేను తెచ్చివ్వలేను తల్లీ. చేతులైతే నీ దగ్గరే ఉన్నాయిగా" అంది గ్లెనిస్. ఆ నర్సు డ్యూటీల మధ్య కార్సెట్‌ను ఒక పక్క మిషను మీద కుట్టుకొచ్చింది. ఆమెను ఇంటికి పంపేశారు.

అరవై ఒకటో ఏట గ్లెనిస్‌కు కడుపులో ఆపరేషన్ అయింది. మనిషి సగమైంది. పాత కార్సెట్ అంచులు వీపు మీద ఒకదాని మీదికొకటి ఎక్కాయి, వెనక కట్టే నాడా బిగించడానికి సందు లేదు. కొత్తది కుట్టుకోవాలి. అప్పటికే కుడి బొటనవేలి కీలు సూదిని పట్టనివ్వడం మానేసింది. డాక్టరు దాన్ని అరుగుదల అన్నాడు. పది ముక్కల కార్సెట్లో నాలుగు నెలలకు ఒక ముక్క పూర్తయింది.

కార్సెట్ లేకపోతే తాడు దాటే వీల్లేదు. తాడు లోపల ఆమెకు తమ కుట్లు చూపించడానికి నలభై మంది ఆడవాళ్ళు గుడారంలో వరస కట్టి నిలబడతారు. బయట ఆమె ముసలివాళ్ళ బస్సు పాసు ఉన్న ఒక మనిషి. అంతే తేడా.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ తీసింది. మిగతా తొమ్మిది ముక్కలూ టీ వేళకు అయిపోయాయి. చేతులు ఏమీ మరవలేదు. మిషనుకు బొటనవేలితో పనే లేదు. గాళ్ళు గీత గీసినట్టు వచ్చాయి. వాటిమీద గోధుమరంగు ఉన్ని బట్ట కప్పి, లోపలి అస్తరు మాత్రం నానా తిప్పలూ పడి చేత్తో కుట్టింది. నడుం కింద తుంటి మీదికి విచ్చుకునే రెక్కల్లో ఒకదానికి ఉన్ని బట్ట చాల్లేదు, అక్కడ మిషను కుట్టు బయటికే కనబడుతోంది. పావడా కడితే అది కప్పబడిపోతుంది. తిరగేసి చూస్తారన్న భయం లేదు. పదిహేనేళ్ళలో గ్లెనిస్ కార్సెట్‌ను తిరగేసి చూసినవాళ్ళు లేరు.

ఆగస్టు వచ్చింది. గుడారంలో పౌలీన్ ఆమె వీపు మీద నాడా బిగించింది.

"ఊపిరి పీల్చు. వదులు. ఎముకలు తప్ప ఏం మిగల్లేదే నీకు, దేన్ని బిగించమంటావు?"

"నోరు మూసుకుని లాగు."

లాగడం అయింది. గ్లెనిస్ కిందికి చూసుకుంది. కాళ్ళకు మేజోళ్ళే ఉన్నాయి. ఈ పనిలో మొదటి పాఠం ముందు బూట్లు, తర్వాత కార్సెట్. బిగించాక నడుం వంగదు. కొత్తవాళ్ళ మీద ఆ మాట అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నది ఆమే.

పౌలీన్ కూలబడి నవ్వింది. "నన్ను చూడకు. నేనూ బిగించుకునే ఉన్నాను. వంగానంటే ఇక్కడే సమాధి."

ఇంకా ప్యాంటులోనే ఉన్న రోసలిండ్ నవ్వుతూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గ్లెనిస్ పాదం పట్టుకుని బూటు దూర్చింది, బకిల్ పెట్టింది. తలెత్తింది. తుంటి మీది రెక్క సరిగ్గా ఆమె కళ్ళముందు ఉంది. నవ్వు ఆగింది.

"ఇది ఎప్పుడు కుట్టావు?"

"జూలైలో."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఒక్క మధ్యాహ్నం, టీచరమ్మా."

రోసలిండ్ రెండో బూటు కూడా తొడిగింది. లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంది. "పావడా కట్టేసుకో. నేనేం చూడలేదు."

"నేనసలు కళ్ళజోడే పెట్టుకోలేదు" అంది పౌలీన్.

గ్లెనిస్ పావడా చేతిలోకి తీసుకుంది. రోసలిండ్ ఈ ఏడు చూడలేదంటే వచ్చే ఏడు కూడా చూడదు. ఆ పై ఏడు కూడా. నర్సు ముఖం గుర్తొచ్చింది. ఇకమీద గౌను కింద కార్సెట్ కాదు, రోసలిండ్ దయ వేసుకుని తిరగాలి. పావడా మంచం మీద పెట్టేసింది.

"నాడా విప్పు, పౌలీన్."

"ఇప్పుడేగా చచ్చీచెడీ కట్టాను."

"విప్పు. మీరు తనిఖీ పుస్తకంలో రాయండి టీచరమ్మా. మిషను కుట్టు, చెల్లదు."

"ఎవరూ అడగరు గ్లెనిస్."

"నేనైతే అడిగేదాన్ని."

మూడు రోజులూ ఆమె వానకోటు వేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని, తాడుకు ఇవతలే నిలబడింది. పౌలీన్ మట్టి కప్పులో టీ తెచ్చి తాడు మీదుగా అందించేది. "ఇదుగోనమ్మా, రాణీగారికి వెనకటి శతాబ్దం నుంచి." గ్లెనిస్ తాగి కప్పు తిరిగిచ్చేది.

అరవై దాటినవాళ్ళకు మినహాయింపు ఇద్దామని ఆ శరదృతువు సమావేశంలో రోసలిండ్ ప్రతిపాదించింది. వద్దని చెయ్యెత్తింది గ్లెనిస్ ఒక్కతే. అవసరం ఉన్న మనిషే వద్దంటే మిగతావాళ్ళు చేసేదేముంది, వదిలేశారు. నర్సుకు మాత్రం గ్లెనిస్ క్షమించమని ఒక ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

ఆ చలికాలం ఆమె సూదిని ఎడంచేత్తో పట్టింది. మొదటి నెలంతా కోడి గీకినట్టే వచ్చింది. విప్పింది, కుట్టింది, విప్పడం మానేసింది. రోజుకు అర గాడి. తొంభై రెండు గాళ్ళు. కొన్ని మొదట్లో వెడల్పుగా ఉండి చివరికి ఇరుకయ్యాయి, బద్దను రాయితో కొట్టి దూర్చాల్సొచ్చింది.

ఆగస్టులో రోసలిండ్ అందరి ముందూ దాన్ని తిరగేసి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఇంత వంకర కుట్టు ఈ గుడారంలోకి ఎప్పుడూ రాలేదు" అంది.

"రాలేదు. వస్తే తిప్పి పంపేదాన్ని."

"నిబంధనలో వంకర గురించి ఏమీ లేదు."

"లేదు. రాయడం మర్చిపోయాను."

రోసలిండ్ పుస్తకంలో టిక్కు పెట్టింది. ఇరవై ఆరింటిలోనూ ఇంత అనాకారిది లేదు. అన్నిటికంటే చక్కగా వచ్చిన మిషనుది ఇంట్లో అల్మారాలో పడి ఉంది.

మధ్యాహ్నానికి రెండు బద్దలు గాళ్ళు తప్పించుకుని అస్తరులోకి దిగాయి. అప్పుడే తాడు ఇవతలినుంచి ఒకావిడ, అందరూ అడిగేదే అడిగింది: అది వేసుకుంటే నొప్పి పెట్టదా? దానికి గుంపులో అందరూ చెప్పే జవాబు ఒకటుంది, ఒంటికి సరిగ్గా కుడితే ఏ నొప్పీ ఉండదని. అది గ్లెనిస్ నేర్పిందే.

"పెడుతోందమ్మా. ఇక్కడ పక్కటెముకల దగ్గర పొడుస్తోంది" అంది గ్లెనిస్, చెయ్యి పెట్టి చూపిస్తూ. సాయంత్రం ఆరింటికి జనం వెళ్ళిపోయేదాకా విప్పలేదు.