కంది దగ్గర లాగని బండి

మూడు వారాల పాటు మా ఇంట్లో అందరూ నాకు కారు నడపడం రాదన్నారు. గొడవ ముగిసి చాలా రోజులైంది. పాప పడుకున్నాక ఇది రాస్తుంటే ఆ మంట మళ్లీ అంతే ఉంది.

మాది పోతిరెడ్డిపల్లి. నేను జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. పొద్దున పాపను పటాన్‌చెరులో క్రెష్‌లో దింపి, సాయంత్రం ఆరులోపు తీసుకోవాలి. ఆరు దాటితే ఆయా వెళ్లిపోతూ పాపను గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీలో కూర్చోబెడుతుంది. రెండేళ్ల పిల్ల, ఎదురుగా లారీలు తిరిగే రోడ్డు. కంపెనీ బస్సులో వస్తే నాకు ఆరున్నర అవుతుంది. అందుకే మా ఆయన డీజిల్ కారు నాకు వదిలి తను బైకు మీద వెళ్తున్నాడు.

ఒకరోజు సాయంత్రం పాపతో ఇంటికి వస్తూ, హైవే మీద కంది ఊరి దగ్గర లారీని దాటబోతే సగంలో కారుకు బలం పోయింది. కాలు అడుగుదాకా నొక్కినా కదలిక లేదు. ఇంజన్‌లోంచి సన్నగా ఈల, అద్దంలో చూస్తే నల్లటి పొగ. వెనక బస్సు హారన్, వెనక సీట్లో పాప.

ఇంటికొచ్చి చెబితే మా మామయ్య కారు తీసుకుని వీధులన్నీ తిరిగొచ్చాడు.

"మంచిగనే పోతుంది గదా. గేర్లు మార్చుడు రాక బండి మీద పెడితే ఎట్ల బిడ్డా?"

మా ఆయన వంత పాడాడు. "నాన్న ముప్పై ఏండ్ల సంది ట్రాక్టర్ నడుపుతుండు. ఆయనకు తెల్వదా?"

ఆ తర్వాత రోజూ అదే వరస. హైవే ఎక్కితే చచ్చే బండి, వీధిలో మామయ్య చేతిలో చక్కగా నడిచేది. చివరికి పటాన్‌చెరులో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను నిలబెట్టిన బండిలోనే ఆక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, నన్ను వదిలేసి మా ఆయనతో చెప్పాడు. "టర్బో పోయిందన్నా. లేడీస్ క్లచ్ మీదికెళ్లి కాలు తియ్యరు, గందుకే."

"క్లచ్‌కూ టర్బోకూ ఏం సంబంధం?" అన్నాను. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటికి రాగానే మామయ్య తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "ఇగ బండి ఇంటికాడ ఉండనియ్యి. కంపెనీ బస్సుల పో."

"పాపో?"

"అరగంట కుర్చీల కూసుంటె ఏమైతది?" అన్నాడు మా ఆయన.

ఆ మాట మింగుడుపడక మర్నాడు పనిలో కూడా అదే ఆలోచన. మా కంపెనీ గదుల్లోకి గాలి ఫిల్టర్ల గుండా వస్తుంది. ఫిల్టర్‌కు అటూ ఇటూ గాలి ఒత్తిడి ఎంతుందో మీటర్ చూసి రాయడం నా పనే. ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాన్ ఎంత గట్టిగా అరిచినా గదిలోకి గాలి రాదు. టర్బో కూడా గాలిని ఇంజన్‌లోకి తోసే ఫ్యానే. వీధిలో బండికి కొద్ది గాలి చాలు. హైవే మీద కాలు నొక్కితే డీజిల్ ఎక్కువ పడుతుంది, దానికి సరిపడా గాలి అందకపోతే కాలక పొగవుతుంది. ఆ ఈల, గాలి కోసం ఫ్యాన్ పడే పాట్లు. నా కాలి తప్పు కాదు.

శనివారం అందర్నీ మళ్లీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

"గాలి ఫిల్టర్ డబ్బా విప్పు తమ్మీ."

"అది కొత్తదేనట అక్కా, పటేల్ చెప్పిండు," అన్నాడు స్టూలు మీద కూర్చున్న మామయ్యను చూపిస్తూ.

"కొత్తదైనా విప్పు."

విప్పాడు. ఫిల్టర్ నిజంగానే కొత్తది. దాని మీద రెండు మడతల ధోవతి ముక్క, సుతిలి తాడుతో పొందిగ్గా కట్టి ఉంది. దుమ్ము పేరుకుని జొన్నరొట్టెలా గట్టిపడింది.

మామయ్య స్టూలు మీది నుంచి లేవకుండానే చెప్పాడు. "నేనే కట్టిన. జిన్నారం తొవ్వల దుమ్ము లోపటికి పోవద్దని. కుప్ప నూర్చేటప్పుడు ట్రాక్టర్‌కు గట్లనే కడుతుంటి."

"ట్రాక్టర్ ఓర్సుకుంటది పటేలా," మెకానిక్ నవ్వాడు. "టర్బో బండికి గాలి శాన గావాలె. ముక్కు మూసి ఉరుకు అంటె ఎట్ల ఉరుకుతది?"

మా ఆయన కూడా నవ్వాడు. "నాన్న బండిని పాప లెక్క చూసుకుంటడు."

నా ఒళ్లు మండింది. తప్పు నాదనుకున్నన్నాళ్లు అది తెలివితక్కువతనం. మామయ్యదని తేలగానే ముద్దూ జాగ్రత్తా అయిపోయింది.

"మరి నాకు గేర్లు మార్చడం రాదన్నారే, ఆ మాటేంటి?" అన్నాను.

"అయిపోయింది గదా. ఇగ విడిచిపెట్టు," అన్నాడు మా ఆయన.

మామయ్య ముందు చెయ్యి చాపాను. ఆయన జేబులోంచి తాళం తీసిచ్చాడు. మెకానిక్ ఆ గుడ్డ పీకేశాక ఇంటికి నేనే నడిపాను, మామయ్య నా పక్క సీట్లో. కంది దగ్గర లారీ అడ్డమొచ్చింది. గేరు మార్చి కాలు నొక్కాను. బండి ఒక్క ఊపున దాటేసింది.

"మంచిగ గుంజుతుంది," అన్నాడు మామయ్య.

"బండి సంగతేనా మామయ్యా, నా నడపడం సంగతో?"

ఆయన సీటు బెల్టు సర్దుకున్నాడు. కొంతదూరం పోయాక, "జెర మెల్లగ పో బిడ్డా," అన్నాడు.

సోమవారం ఆరుకు పావుగంట ముందే క్రెష్‌కు చేరాను. వాచ్‌మన్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. తాళం ఇప్పుడు నా సంచిలోనే ఉంటుంది. ఆ మూడు వారాల మాటను మాత్రం ఇంతవరకు ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు.